కుడిచెవికి కబుర్లు

ఎముకల గది,
ఆస్పత్రి వెనక భవనం

చెల్లికి,

నిన్న ఫోన్లో నేను నాలుగు ముక్కలు చెప్పేలోగా "దుప్పట్లోంచి మాట్లాడుతున్నట్టుంది, ఏదున్నా ఉత్తరం రాసి పడెయ్యి" అని పెట్టేశావు. సరే, రాస్తున్నాను. కాయితం మీద అయితే మధ్యలో కసురుకోలేవు కదా.

నీ స్కాన్ చూశాను. మీ ఊరి డాక్టరు చెప్పింది నిజమే. ఎడమచెవిలో కర్ణభేరి వెనక చర్మం లోపలికి పెరుగుతోంది. ఊరుకుంటే ఆగే రకం కాదు, మెల్లగా ఎముకని తింటూ పోతుంది. ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. తీసేటప్పుడు ఉన్న వినికిడి తగ్గే ప్రమాదం కొంత ఉంది, పూర్తిగా పోయే ప్రమాదం కూడా కొద్దిగా ఉంది. ఇంకెవరికైనా అయితే ఈ సంగతి చెప్పి సంతకం పెట్టించుకుంటాను. నీకు రాయాలంటే చెయ్యి రావడం లేదు. కుడిచెవి చిన్నప్పుడే జ్వరంలో పోయింది. మిగిలింది ఇదొక్కటే.

నేనిక్కడ ఏం చేస్తుంటానని ఎవరో అడిగితే "కోడిగుడ్లకి బెజ్జాలు పెడుతుంటాడు" అని చెప్పావట. అబద్ధమేం కాదు. చెవి ఆపరేషన్లు నేర్చుకునేవాళ్ళ చేత ముందు గుడ్డు పెంకునే డ్రిల్లుతో చెక్కిస్తాను. పెంకు పోవాలి, లోపలి పల్చటి పొర చిరగకూడదు. చెవి వెనక ఎముకలోనూ అంతే, పెంకంత మందం కింద ముఖాన్ని కదిలించే నరం ఉంటుంది. గుడ్లయ్యాక, స్కాన్లనుంచి ప్లాస్టిక్కుతో అచ్చు వేసిన ఎముకలు ఇస్తాం. మనిషి మీద చెయ్యి వెయ్యక ముందే చెయ్యాల్సిన తప్పులన్నీ ఈ గదిలో చేసెయ్యాలి. ఇన్నేళ్ళ నా పరిశోధనంతా ఈ ఒక్క ముక్క. మీ వదిన మాత్రం గుడ్లు వృథా చేస్తున్నానని గొణుగుతుంది. ఇంటికి పట్టుకెళితే ముట్టుకోదు.

ఇప్పుడున్నవాళ్ళలో ఒకమ్మాయి ఉంది. అందరూ చెక్కేసి కాఫీకి వెళ్ళి తిరిగొచ్చినా ఈవిడ ఇంకా మొదటి గుడ్డు మీదే ఉంటుంది. అందుకని "నిదానం" అని పేరు పెట్టాం. ఆమె గుడ్డు ఇంతవరకు ఒక్కటీ కారలేదు.

ఎప్పుడొస్తావో రాయి.

నీ అన్నయ్య


రిహార్సల్ హాలు,
సైడ్ వింగు పక్కన నా స్టూలు మీద

అన్నయ్యకి,

"నాటకమంటే చెవి కోసుకుంటానని తిరిగేదానివి, ఇప్పుడు మీ అన్నయ్య నిజంగానే కోస్తానంటున్నాడు" అని మీ బావగారు తెగ నవ్వుతున్నారు. ఆయన నవ్వు చూశాను. వినడం మాత్రం సగమే విన్నాను.

ఇప్పుడు రావడం కుదరదు. కొత్త నాటకం మొదలుపెట్టారు. తండ్రి వేషం వేసే ఆయనకి వయసు మీద పడింది. రంగస్థలం మీద మాట మరిచిపోయి నావైపు తిరిగి కనుబొమలెగరేస్తాడు. మాట అందించేదాన్ని నేనొక్కదాన్నే కదా. నేను నీ ఆస్పత్రిలో పడుకుంటే ఈయన ఎవరివైపు ఎగరేస్తాడు? నాటకం ఆడేశాక చూద్దాం.

నా చెవి గురించి అంత దిగులు పడకు. ఎప్పటిలాగే ఒకే వింగులో నిలబడతాను, ఎడమచెవి రంగస్థలం వైపు, పోయిన చెవి గోడ వైపు. గోడ దగ్గర వినాల్సిందేముంది? నటులు మౌనంగా ఉండే ఘట్టాల్లో నోరు మూసుకుని, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా కూనిరాగం తీస్తుంటాను. అది ఆ పోయిన చెవిలోనే ఝుమ్మని తిరుగుతుంది. పాపం, దానికి అదొక్కటే కాలక్షేపం.

చెవుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నేను జ్వరంతో మంచమెక్కినప్పుడు నువ్వు బడినుంచి వచ్చి నా కుడిచెవిలో ఏదో గొణిగి పోయేవాడివి. ఏం చెప్పావని ఎన్నిసార్లడిగినా నవ్వేసి తప్పించుకున్నావు. వినపడదన్న ధైర్యంతో తిట్టేవాడివి కదూ?

నిదానానికి నా తరఫున ఒక గుడ్డు ఎక్కువ ఇవ్వు.

నీ చెల్లి


ఎముకల గది

చెల్లికి,

తిట్టలేదు. అంతకుమించి చెప్పను.

నువ్వు రానంటే నీ చెవినే ఇక్కడికి తెప్పించుకున్నాను. స్కాన్ నుంచి నీ ఎడమచెవిని అచ్చు వేయించాను. లోపలి ఎముక గట్టి ప్లాస్టిక్కు, పైన చెవి డొప్ప మెత్తటి రబ్బరు. మొదటిది యంత్రంలోంచి తీసి కడగగానే తమ్మె మీద చీలిక కనిపించింది. జారుడుబల్ల అంచుకి దుద్దు తగులుకుని తెగింది చూడు, ఆ మచ్చ. గదిలో అందరి ముందూ "ఇది మా చెల్లి చెవే" అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నేర్చుకునే పిల్లలందరూ మర్యాదగా గుడ్ల వైపు చూశారు.

ఇంకో సంగతి, నీకు నచ్చినా నచ్చకపోయినా చెప్పాలి. ఆపరేషన్ నేను చెయ్యను. సొంతవాళ్ళ మీద కత్తి పట్టకూడదన్నది మా వృత్తిలో కట్టుబాటు. మంచి కట్టుబాటే. నిదానం చేస్తుంది. చదువు, పరీక్షలు, అన్నీ అయిపోయి ఇప్పటికే ఎందరికో చేసింది, గుడ్లు చెక్కేది చెయ్యి వాడి తప్పకుండా ఉండడానికే. నేను పక్కన నుంచుంటాను. అందుకే ఆమె చేత ముందే నీ అచ్చుల మీద సాధన చేయిస్తున్నాను. ఒకటి పాడయితే ఇంకోటి వేస్తాం.

ఆమె అప్పుడే రెండు సందేహాలు పెట్టింది. చెవిలో మూడు బుల్లి ఎముకలుంటాయి, సుత్తి, దాగలి, అంకవన్నె అని బళ్ళో చదువుకున్నావు. దాగలి కొసని జబ్బు తినేసిందని స్కాన్ రిపోర్టులో ఉంటే అచ్చులో నిక్షేపంలా ఉందేమిటని ఒకటి. సుత్తిని సూదితో తడితే కాస్త ఊగాలి, ఇది గోడకి అతుక్కున్నట్టు బిగుసుకుపోయిందేమిటని రెండోది. అచ్చు యంత్రం మొద్దుది, అచ్చు వేసేటప్పుడు నింపే మైనం సందుల్లో ఉండిపోయుంటుంది, ఇంకోటి వేద్దాం అన్నాను. వేశాం. అదీ అంతే. యంత్రాన్ని దాని వంశాన్నీ కలిపి తిట్టాను.

ఒక అచ్చు నీకు పోస్టులో పంపుతున్నాను. నాటకం కాయితాలు ఎగిరిపోకుండా మీద పెట్టుకో.

నీ అన్నయ్య


ఇంటి దగ్గర, వంటింటి బల్ల

అన్నయ్యకి,

నాటకం ఆడేశాక చూద్దామని ముందు రాసింది సాకు. రిహార్సల్సు ఆగిపోయి వారం దాటింది, నా వల్లనే.

ఆవేళ ఊళ్ళో పెద్దవాళ్ళని పిలిచి ఒకసారి ఆడి చూపించారు. రెండో అంకంలో తండ్రి పాత్రధారి కూతురి పెళ్ళి మాట ఎత్తబోయి ఆగిపోయాడు. నేను కాయితం చూస్తూ ఉన్నాను. ఆయన కావాలనే ఆగాడనుకున్నాను, ఆ చోట ఆగడం బావుంటుంది కూడా. తల ఎత్తి చూసేసరికి ఆయన నా వింగు పక్కకి వచ్చి నిలబడి ఉన్నాడు. అప్పటికే చాలాసార్లు అడిగాడట. జనం నవ్వడం కనిపించింది. కూతురు వేషం వేసిన అమ్మాయి ఏదో కల్పించి నెట్టుకొచ్చింది. అయ్యాక దర్శకుడు నన్ను ఒక్క మాట అనలేదు. భోజనం చేశావా అని అడిగాడు. తిట్టినా బావుండేది.

ఈ మిగిలిన వినికిడి సగమో పావో, నాకు తెలీదు. అయినా దీంతోనే బతుకుతున్నాను. మీ బావగారి గొంతు ఉంది ఇందులో. వాన ఉంది. పోయే ప్రమాదం కొద్దిగా అని నువ్వే రాశావు. ఆ కొద్దిలో నేను పడితే? రెండువైపులా గోడే అయితే నేనెక్కడ నిలబడను? అదే పోయేదైతే మెల్లగా పోనీ. నా చేతులారా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టలేను. నీ శిష్యురాలి చెయ్యి మీద అపనమ్మకం కాదు. భయం, అంతే. నాకు చాలా భయంగా ఉంది అన్నయ్యా.

నేను రాను. ఇక ఈ సంగతి రాయకు.

చెల్లి


ఇంట్లోనే, మీ వదిన పక్కన కూర్చుని

చెల్లీ,

సరే. రాయను.

పొద్దుట్నుంచీ ముసురు పట్టింది. బట్టలు ఆరడం లేదని మీ వదిన విసుక్కుంటోంది. కిటికీ సందులోంచి నీళ్ళు దిగుతుంటే గుడ్డ కుక్కాను. అది కుక్కడం నాకు సరిగ్గా రాలేదని తనే తీసి మళ్ళీ కుక్కింది.

నువ్వు భయమని రాసినందుకు కోపం రాలేదు. ముందే రాసి ఉంటే బావుండేది అనిపించింది, కానీ నీ స్థానంలో నేనుంటే నేనూ రాసి ఉండను.

నిదానానికి చెప్పాను, ఆపరేషన్ లేదని. తలూపి మళ్ళీ నీ అచ్చు మీదే కూర్చుంది. సుత్తి ఎందుకు కదలడం లేదో తేలేదాకా లేవదట.

అన్నయ్య


మేకప్ గది

అన్నయ్యకి,

నా చెవి పోస్టులో వచ్చింది. పోస్టతను సంతకం పెట్టమంటూ "లోపల ఏముందమ్మా" అని అడిగాడు. "నా చెవే" అన్నాను. సంతకం చూసుకోకుండానే సైకిలెక్కేశాడు.

దర్శకుడు నన్ను మానెయ్యమనలేదు. వింగులో ఇంకో కుర్రదాన్ని తోడు పెట్టాడు. అది గట్టిగా అందిస్తే చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా ముందే కథ తెలిసిపోతోంది. నేర్పుతున్నాను.

ఇక అసలు మాట. ఇందాక మేకప్ అద్దం ముందు నిలబడి నీ రబ్బరు చెవిని నా ఎడమచెవి పక్కన పెట్టి చూసుకున్నాను. ఎటు చూసినా ఎడమచెవే. కానీ దాని తమ్మెకి చీలిక ఉంది. అన్నయ్యా, నా చీలిక కుడిచెవికి కదా. ఎడమ తమ్మె చెక్కుచెదరలేదు, ఇప్పుడే మళ్ళీ తడిమి చూసుకున్నాను. నువ్వు ముందు ఉత్తరంలో చీలిక సంగతి రాసినప్పుడు నేనూ గమనించకుండా చదివేశాను, అప్పుడు నా మనసు ఎక్కడుందో నీకు తెలుసు.

నువ్వు పంపింది నా కుడిచెవి. అద్దంలో చూపించినట్టు తిరగేసి ఎడమ చేశావు. పెద్ద చదువులు లేని చెల్లెలికి చెవులు చూసే అన్న ఉన్నాడని గర్వంగా చెప్పుకుంటుంటే, ఏ చెవి ఏదో తెలీనివాడివయ్యావు.

మొదట నవ్వొచ్చింది. నవ్వి, మీ బావగారికి చూపించి, ఆయన నవ్వకపోతే అప్పుడు ఆలోచించాను. నేను వచ్చి ఉంటే ఆ అమ్మాయి ఒక చెవిని నేర్చుకుని ఇంకో చెవి తెరిచి ఉండేది కదా.

చెల్లి


ఎముకల గది, నిలబడే రాస్తున్నాను

చెల్లీ,

నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. స్కాన్ అంటే తలని సన్నటి ముక్కలుగా తీసిన బొమ్మల దొంతర. దాన్ని పాదాల వైపు నుంచి చూస్తున్నామా, తల వైపు నుంచి చూస్తున్నామా అన్నది యంత్రానికి చెప్పాలి. మా కొత్త ప్రోగ్రాము తిరగేసి పేర్చింది. నీ తల మొత్తం అద్దంలో బొమ్మలా తారుమారై, కుడి ఎడమైంది. తమ్మె మీద చీలిక చూసి నీదేనని నిశ్చయించుకున్నాను. నిన్ను గుర్తుపట్టిన సంతోషంలో ఏ వైపో చూడలేదు. ఇకనుంచి ఎవరికి స్కాన్ తీసినా బొమ్మలో కుడి ఏదో తెలిసేలా ముందు కుడిచెవి వెనక చిన్న పూస అంటించాలని ఇవాళే అందరికీ చెప్పాను. పిల్లలు దానికి "చెల్లి పూస" అని పేరు పెట్టేశారు.

నీ ఉత్తరం నిదానానికి చదివి వినిపించాను. అచ్చుని చేతిలోకి తీసుకుని సుత్తిని ఇంకోసారి సూదితో తట్టింది. తర్వాత అంది, "అయితే సార్, అచ్చు యంత్రం తప్పు లేదు. ఇది కుడిచెవి కాబట్టే దాగలి బాగుంది. ఆ సుత్తి నిజంగానే గోడకి అతుక్కుంది. ఈ చెవి జ్వరంలో పోయిందని మీకెవరు చెప్పారు?"

అమ్మ చెప్పింది అన్నాను. అమ్మకి ఆనాటి డాక్టరు చెప్పాడు.

ఒక పని చెయ్యి. నువ్వు రాయవద్దన్న సంగతి కాదిది, కాబట్టి కోప్పడకు. ఎవరూ లేనిచోట కూర్చుని నోరు మూసుకుని కూనిరాగం తియ్యి. అది ఏ వైపు మోగుతోందో రాయి. ఎందుకని అడక్కు. ఊహించి రాయకు.

అన్నయ్య


వంటింటి బల్ల

అన్నయ్యకి,

కుడివైపు. ఎప్పుడూ కుడివైపే.

నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను, పోయిన చెవిలో ఝుమ్మని తిరుగుతుందని. నా ఉత్తరాలు చదువుతున్నావా, చూసి మడిచేస్తున్నావా? అందరికీ అంతేననుకున్నాను. మీ బావగారి చేత తీయిస్తే ఆయనకి తల మధ్యలో మోగుతోందట. పైగా రాగం బావుందా అని అడిగారు.

ఎందుకడిగావో ఇప్పుడైనా చెప్పు. నాకు ఇక్కడ ఏ పనీ తోచడం లేదు.

చెల్లి


ఎముకల గది

చెల్లీ,

ఎందుకడిగానో చెబుతున్నాను.

చెవిలో నరమే చచ్చిపోతే, కూనిరాగం బతికున్న చెవివైపు మోగుతుంది. నరం బాగుండి, దారికి మాత్రం ఏదో అడ్డు పడితే, ఆ అడ్డున్న వైపే మోగుతుంది. నీకిప్పుడు రెండు చెవుల్లోనూ అడ్డుంది. ఎక్కువ అడ్డు ఎటుంటే అటు మోగుతుంది. మీ ఊళ్ళో చేసిన వినికిడి పరీక్ష ఇలాంటి చోటే తికమకపడి కుడిచెవిని లెక్కలోంచి తీసేసింది. జ్వరం ఆ చెవిని తీసుకుపోలేదు. సుత్తి పుట్టుకతోనే గోడకి అతుక్కుని ఉండాలి. జ్వరం వచ్చినప్పుడే ఎవరో మొదటిసారి గమనించారు, అంతే. తలుపు బిగుసుకుపోయింది గానీ లోపల మనిషి ఉన్నారు.

ఇక్కడికొస్తే సరైన పరీక్ష చేసి ఖాయం చేసుకుంటాం. అదే అయితే నీ ఎడమచెవి జోలికి ఇప్పుడే వెళ్ళం, కొన్నాళ్ళు ఆగగలదు. ముందు కుడిది. నిదానం ఆ అతుకు విడదీస్తుంది. ఆ చెవిని ఆమె ఎన్ని అచ్చుల మీద చెక్కిందో, ఈ భూమ్మీద దాన్ని అంత బాగా ఎరిగినవాళ్ళు లేరు. కుదరకపోతే నీకు పోయేదేమీ లేదు, అది ఇప్పటికే నీ లెక్కలో లేని చెవి. కుదిరితే రెండోదానికి భయపడక్కర్లేదు. తప్పకుండా కుదురుతుందని మాత్రం రాయలేను. రాయాలని ఉంది.

ఇంకొకటి. నువ్వు అడుగుతూ వచ్చినదానికి జవాబు. డాక్టరు వచ్చి ఆ చెవి ఇక వినదని చెప్పి వెళ్ళాక, ఇంట్లో అందరూ నీతో అటువైపునుంచి మాట్లాడడం మానేశారు. మంచం కూడా తిప్పేశారు. నాకు దానిమీద జాలేసింది. దాన్నెవరూ పలకరించడం లేదు, దానికేమీ తెలియకుండా పోతోంది అనిపించింది. అందుకని బడినుంచి రాగానే దానికి కబుర్లు చెప్పేవాణ్ణి. వాన పడుతోందనీ, పక్కింటి పిల్లి ఈనిందనీ, మాస్టారు బడికి రాలేదనీ. అంతకంటే ఏమీ లేదు. నీకు చెప్పడానికి సిగ్గేసింది, ఎందుకంటే అవి నీతో చెప్పినవి కాదు. దానితో చెప్పినవి.

వస్తావా?

అన్నయ్య


ఇంటి దగ్గర, వీధి గదిలో

అన్నయ్యకి,

పోయిన వారం ఇక్కడి డాక్టరు, ఆపరేషన్ అయ్యాక కుడిచెవిలో కుక్కిన దూది తీశాడు. నిదానం రాసిచ్చినట్టే తొందరపడకుండా తీశాడు, ఆవిడ చీటీ చూస్తే ఎవరికైనా తొందర చచ్చిపోతుంది.

తియ్యగానే ఎవరో పక్కన గోనెసంచి ఈడుస్తున్నారనుకున్నాను. నా జుట్టే, భుజానికి రాసుకుంటోంది. డాక్టరు కాయితం మడిస్తే ఉలిక్కిపడ్డాను. ఎడమదానికంటే ఇదే నయమన్నాడు, ఇంకా సర్దుకుంటుందన్నాడు. వరండాలోకొచ్చి ఏడ్చాను. మీ బావగారు పక్కన నుంచుని రుమాలు ఇచ్చారు. ఎప్పటిలాగే ఎడమవైపు నుంచున్నారు, ఇన్నేళ్ళ అలవాటు.

ఆయన్ని కుడివైపు రానివ్వలేదు. అటువైపు మొదటి మాట నీదే కావాలనుకున్నాను. కానీ ఆ రాత్రే ఆయన గురక దూరిపోయింది. ఇన్నాళ్ళూ మంచి చెవిని దిండుకి ఆనించి హాయిగా పడుకునేదాన్ని. ఇక ఆ సుఖం పోయింది. ఈ సంగతి నీ పరిశోధనలో రాసుకో.

వదిన నాకో సంగతి చెప్పింది. పక్కన నుంచుంటానని రాశావు కదా, ఆపరేషన్ గదిలోకి అడుగైనా పెట్టలేదట. ఎముకల గదిలో ఒక్కడివే గుడ్డు ముందేసుకుని చెక్కుతూ కూర్చున్నావట. అదీ పగిలి బల్లంతా కారిందట. పిల్లలెవరికీ చెప్పద్దని వదినని బతిమాలావట. నేనూ చెప్పను. కానీ ఆ మాట విన్నప్పట్నుంచీ నీమీద నాకెంత ప్రేమ పొంగిందో చెప్పలేను.

నాటకం వచ్చే నెల ఆడుతున్నారు. మొన్న రిహార్సల్లో దర్శకుణ్ణి అడిగి ఎదురు వింగులో నిలబడ్డాను. అక్కణ్ణుంచి రంగస్థలం కొత్తగా ఉంది, తండ్రి పాత్రధారికి ఆ వైపు బట్టతల ఎక్కువ. ఆయన ఆగాడు. ఊపిరి పీల్చడం వినపడింది. మాట అందించాను, అందుకున్నాడు. కుర్రదానికి ఆ రోజు పని లేకుండా పోయింది.

నాటకం అయ్యాక ఎడమది కూడా తెచ్చి నిదానం చేతిలో పెడతాను. భయం లేదని అబద్ధం చెప్పను. కానీ వస్తాను, ఈసారి సాకులుండవు.

ఈలోగా నువ్వొకసారి రా. కుడివైపు కుర్చీ వేసి ఉంచుతాను. ఈ చెవికి ఇంతవరకు జరిగినవేవీ తెలీవు, మొదట్నుంచీ చెప్పుకురావాలి. పక్కింటి పిల్లి ఈనిందన్నావు. ఎన్ని పిల్లల్ని పెట్టిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

నీ చెల్లి